కార్వాన్ గల్లీలో వెలిగిన నిషాని

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి గిన్నెలు కడుక్కోవడానికి పోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. కెమిస్ట్రీ చదివిన. ల్యాబ్‌లో ఫలితం తేడా వస్తే గాజు గొట్టం సరిగ్గా కడగలేదని అనుకుంటా తప్ప, ఎవరో వచ్చి ఏదో కలిపి పోయిన్రని అనుకోను. పెండ్లయి బిడ్డ పుట్టినంక కూడా ఆ గుణం పోలేదు. పాపకు దిష్టి తీస్తానని మా అత్తమ్మ గుప్పిట్లో ఉప్పు పట్టుకొస్తే కాదనకుండా కూర్చుంటా. అది ఆమె తృప్తి కోసం.

అందుకే ఇది రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. ఇప్పుడు ఒంటిగంట దాటింది. పాప నా పక్కనే పడుకుంది. నిద్రలో ఊపిరి కొంచెం ఆగినట్టు అనిపించినా నేను రాయడం ఆపి దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తున్న. ఈ అలవాటు ముందునుంచీ ఉంది, ఆ సాయంత్రం తర్వాత ఎక్కువైంది.

పోయిన చలికాలం ఒక పంతొమ్మిదేండ్ల అమ్మాయిని ఇంటికి చేర్చినమని నోటుబుక్కులో రాసుకొని, చేర్చకుండానే వచ్చేసినం. ఆ అమ్మాయి బతికింది. ఎట్ల బతికిందో చెప్పగలను. ఏం చూసి మేము వదిలేసి వచ్చినమో మాత్రం నాకు నేను చెప్పుకోలేకపోతున్న. జరిగింది జరిగినట్టు రాస్తా. పేర్లు మార్చిన.

మా కాలేజీ అఫ్జల్‌గంజ్ నుంచి నడిచిపోయేంత దూరం. పాత భవనం. ల్యాబులు తక్కువ, పిల్లలు ఎక్కువ. ప్రాక్టికల్స్ బ్యాచులుగా పెడతారు కాబట్టి ఆఖరి బ్యాచ్ బయటపడేసరికి ఏడు దాటుతుంది. చలికాలంలో అప్పటికి పూర్తిగా చీకటి. బస్సు దొరికినా, దిగినంక గల్లీల్లో నడవాలి. ఒకసారి డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయిని ఇద్దరు బండి మీద ఇంటి మలుపు దాకా వెంబడించిన్రు. మరుసటి రోజు నుంచి ఆ పిల్ల కాలేజీ మానేసింది. వాళ్ల బాపు వచ్చి సర్టిఫికెట్లు తీసుకుపోయిండు. ఆ వారమే మా వాళ్లు ‘తోడు’ మొదలుపెట్టిన్రు.

తోడు అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. స్కూటీలు ఉన్న అమ్మాయిలం వంతులు వేసుకొని, ఆఖరి బ్యాచ్ వాళ్లను ఇంటి దాకా దింపేవాళ్లం. కాలేజీ వాళ్లు సాయం చేయలేదు, అడ్డు కూడా చెప్పలేదు. రీడింగ్ రూమ్ మూలన ఒక బల్ల ఇచ్చిన్రు. దాని మీద ఒక నోటుబుక్కు. నేను పెండ్లయినంక పీజీలో చేరిన దాన్ని కాబట్టి అందరికంటే పెద్ద, అందరికీ అక్క. మంగళవారం, శుక్రవారం నా వంతు. అప్పటికి పాపకు తొమ్మిది నెలలు.

ఎప్పుడు పోయినా రెండు బండ్లు కలిసి పోవాలి. ముందు బండి మీద ఇంటికి పోయే అమ్మాయి ఉంటుంది. వెనక బండి ఖాళీగా వస్తుంది, ఎందుకంటే దింపిన మనిషి తిరుగు దారిలో ఒంటరిది కావొద్దు. వెనక బండి ఆమె దగ్గర నోటుబుక్కు ఉంటుంది. ఎన్ని గంటలకు దింపినం, ఎన్ని గంటలకు ఇంట్లోకి చేరింది, రెండూ రాయాలి.

ఇంట్లోకి చేరినట్టు ఎట్ల తెలుస్తుంది? మొదట్లో మెసేజ్ పెట్టమనేవాళ్లం. పిల్లలు ఇంట్లోకి పోంగనే మరిచిపోయేవాళ్లు, మేము రాత్రంతా ఫోన్లు చేసేవాళ్లం. తర్వాత ఇంట్లో లైటు వేస్తే చాలన్నం. ఒకసారి కింద వాటా వాళ్లు వేసిన లైటు చూసి మావాళ్లు వచ్చేసిన్రు. పాపం ఆ పిల్ల తాళం వేసిన గేటు ముందు అరగంట నిలబడింది. అప్పుడు ఫర్హీన్ ఒక ఉపాయం చెప్పింది. ప్రతి అమ్మాయికి సొంత నిషాని, అంటే గుర్తు, ఉండాలి. లైటు ఎన్నిసార్లు వేసి ఆర్పాలో తనే పెట్టుకోవాలి, దింపే ఇద్దరికే చెవిలో చెప్పాలి. నోటుబుక్కులో కూడా రాయొద్దు. ఆ నిషాని కనపడేదాకా గల్లీలోనుంచి కదలొద్దు.

ఫర్హీన్ డిగ్రీ మూడో సంవత్సరం. హుస్సేనీ ఆలం అమ్మాయి. నాతో వెనక బండి మీద వచ్చేది ఎప్పుడూ ఆమెనే. దేనికీ జంకదు. గల్లీ చివర కుక్కలు మొరిగితే బండి దిగి వాటినే తిట్టే రకం.

ప్రసన్న బీఎస్సీ మొదటి సంవత్సరం, ఆమెకు ఆఖరి బ్యాచ్ మా వంతు రోజుల్లోనే. కార్వాన్‌లో ఉంటుంది. వాళ్లమ్మ మరియమ్మ ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆయా. ఆమె ఇంటికి వచ్చేసరికి రాత్రి పది. బాపు బస్సు డిపోలో మెకానిక్, సాయంత్రం పోతే తెల్లారి వస్తడు. అంటే ప్రసన్న ఇంటికి పోయేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. తాళం తీసుకొని ఒక్కతే లోపలికి పోవాలి. అందుకే ఆమెను దింపిన రోజు నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉండేదాన్ని.

వాళ్లది సన్నటి గల్లీ. రెండువైపులా గోదాములు, బెల్లం వాసన, పప్పుల దుమ్ము. ఆ ఇంటి కింది అంతస్తు కూడా గోదామే, ఆరింటికల్లా షట్టర్ దించేస్తరు. మొదటి అంతస్తులో ఇంటి ఓనర్లు. రెండో అంతస్తులో వీళ్లు. పక్కనుంచి రాతి మెట్లు, చీకటి మెట్లు, మధ్యలో ఒక మలుపు. గల్లీలోనుంచి చూస్తే వాళ్ల ముందు గది కిటికీ కనిపిస్తుంది.

ప్రసన్న నిషాని రెండుసార్లు, ఆగి ఇంకోసారి. చెప్పడానికి సులువే గానీ వాళ్ల గదిలో ఉన్నది పాత ట్యూబ్‌లైటు. స్విచ్ వేసినంక చాలాసేపు తడబడి, అంచుల్లో ఎర్రబడి, కొట్టుకొని కొట్టుకొని అప్పుడు పట్టుకుంటది. మూడుసార్లు వెలిగేసరికి మాకు చలికి పండ్లు కొట్టుకునేవి.

“ఏందమ్మా నీ నిషాని, సినిమా అయిపోయేటట్టుంది,” అని ఫర్హీన్ ఒకరోజు ఏడిపించింది.

“మా ట్యూబ్‌లైటు మా బాపు లెక్క అక్కా. లెవ్వమంటే గంటసేపు మూలుగుతది,” అన్నది ప్రసన్న. మేము ముగ్గురం రోడ్డు మీదనే పడిపడి నవ్వినం.

ఆ మంగళవారం పొద్దుననుంచే పాపకు జ్వరం. మందు వేసి, మా అత్తమ్మకు అప్పజెప్పి కాలేజీకి పోయిన. ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష, తప్పించుకోలేని పరిస్థితి. ఆరున్నరకు అత్తమ్మ ఫోన్ చేసింది. జ్వరం మళ్లీ పెరిగిందట, పాలు తాగడం లేదట. నా వంతు ఇంకెవరికైనా ఇద్దామని చూసిన. ఇద్దరు రాలేదు, ఇంకొకరి బండి పంక్చర్. ఒక్క ప్రసన్ననే కదా, దింపి అట్నుంచే బహదూర్‌పురా పోదామనుకున్న. మా ఇల్లు అక్కడే.

దారిలో ప్రసన్న నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. గల్లీలో దిగినంక బ్యాగులోనుంచి తాళంచెవి తీసి చేతిలో పట్టుకుంది.

“పాపకు జ్వరమంట గదా. మీరు పోండి అక్కా, నేను ఎక్కిపోత.”

“నిషాని ఇయ్యి, పోత.”

“గంతసేపు ఎందుకు అక్కా, మా లైటు సంగతి తెల్వదా?”

“ఎక్కు, ముచ్చట పెట్టకు,” అని కసిరిన. కసరకుండా ఉండాల్సింది. ఆమె నవ్వి, మెట్ల చీకట్లోకి పోయింది. నేను ఇంజన్ ఆపి తల ఎత్తిన.

కిటికీ వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది. కొంచెం ఆగింది. మళ్లీ వెలిగింది.

నేను వెనక్కి తిరిగి ఫర్హీన్‌ను చూసిన. ఆమె కూడా పైకే చూస్తున్నది. బొటనవేలు ఎత్తి, నోటుబుక్కులో రాసింది. ఇద్దరం బండ్లు తిప్పినం.

ఆ వెలుగు చూసినప్పుడు నాకు ఎంత హాయి అనిపించిందో దాచను. పని అయిపోయింది, ఇక నా బిడ్డ దగ్గరికి పోవచ్చు. ఆ హాయిలో ఇంకేమీ ఆలోచించలేదు.

పురానాపూల్ దాటినంక ట్రాఫిక్ ఆగిపోయింది. ఒక లారీ అడ్డంగా ఇరుక్కుంది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అత్తమ్మే. “దగ్గరకొచ్చిన, ఇంకో పదినిమిషాలు,” అన్న. వెనకాల పాప ఏడుపు వినిపించింది. ఎడమచేతి వైపు ఒక గాజుల దుకాణం. దుకాణదారు గుడ్డతో ట్యూబ్‌లైటు తుడిచి స్విచ్ వేసిండు. అది కొట్టుకుంది. కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. అప్పుడు వెలిగింది.



కిటికీలో ఇందాక వెలిగిన వెలుగు తడబడలేదు. ఒక్క దెబ్బకు వెలిగింది, ఒక్క దెబ్బకు ఆరింది. దీపం ముందు ఎవరో అట్ట అడ్డం పెట్టి తీసినంత శుభ్రంగా. అంతేకాదు, అది తెల్లగా కూడా లేదు. పసుపు.

బండి పక్కకు తీసిన. ఫర్హీన్ వెనకనుంచి వచ్చి ఆగింది.

“క్యా హువా అక్కా? పాపకేమన్నా అయిందా?”

“నోటుబుక్కు తియ్యి.”

“ఇప్పుడా?”

“తియ్యి ఫర్హీన్.”

హెడ్‌లైటు వెలుతురులో పట్టుకొని చూసినం. దింపిన సమయం ఏడు నలభై ఎనిమిది. చేరిన సమయం ఏడు నలభై ఎనిమిది. పై వరుసల్లో పాత రోజులవి ఉన్నయి. ప్రసన్న పేరు ఎదురుగా ప్రతిసారీ నాలుగు నిమిషాలో, అయిదు నిమిషాలో తేడా. రెండంతస్తులు ఎక్కాలి, తాళం తీయాలి, ఆ లైటు మూడుసార్లు వెలగాలి. ఆ రోజు ఒక్క నిమిషం కూడా తేడా లేదు. ఫర్హీన్ తన చేత్తోనే రాసింది, రాసేటప్పుడు చూసుకోలేదు.

ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

ప్రసన్నకు ఫోన్ చేసినం. మోగుతున్నది, ఎత్తడం లేదు. మళ్లీ చేసినం.

“నువ్వు ఇంటికి పో అక్కా. పాపకు బాగలేదు. నేను పోయి చూసొస్త,” అన్నది ఫర్హీన్.

“ఒంటరిగా పోవద్దని రూల్ పెట్టుకున్నదే మనం.”

“మనం చూసినం గదా అక్కా, నిషాని వచ్చింది గదా...” అని తనే మధ్యలో ఆపేసింది.

అప్పుడు నాకు పట్టింది అర నిమిషమే కావచ్చు. ఒక దిక్కు నా బిడ్డ, జ్వరంతో. ఇంకో దిక్కు ఇంకొకరి బిడ్డ, ఏమైందో తెలియదు. నా బిడ్డ దగ్గర నాయనమ్మ ఉంది. ప్రసన్న దగ్గర పది దాకా ఎవరూ ఉండరు. అత్తమ్మకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పిన. ఆమె ఏదో అంటుంటే కట్ చేసిన.

గల్లీలోకి మళ్లీ పోయేసరికి ఎనిమిది దాటింది. కిటికీ చీకటిగా ఉంది. ఓనర్ల వాటా కూడా చీకటే. వాళ్లు పెండ్లికి ఊరికి పోయిన్రని తర్వాత తెలిసింది. ఎదురుగా గోనెసంచుల దుకాణం ఒక్కటే తెరిచి ఉంది.

బండి దిగి ఇంకోసారి ఫోన్ చేసిన. ఆ మోత మెట్ల లోపలినుంచి వినిపించింది. పైనుంచి కాదు. కిందనుంచి, దగ్గరగా.

ఫోన్ టార్చి వేసుకొని పోయినం. మెట్ల మలుపు దగ్గర పడి ఉంది ప్రసన్న. తల కింది మెట్టు మీద, కాళ్లు పై మెట్ల మీద. చెవి వెనకనుంచి రక్తం. ఒక చెప్పు ఊడిపోయింది. మలుపులో ఒక రాయి కదులుతుందని వాళ్లింట్లో అందరికీ తెలుసట. తాళంచెవి ఇంకా పిడికిట్లోనే ఉంది.

ఆమె పై వాటాకు చేరనే లేదు. తాళం తీయనే లేదు.

ఫర్హీన్ ఆమె తల పట్టుకుంది. నేను పైకి చూసిన. అప్పుడు నా బుర్రలో మెదిలింది దయ్యాలు కాదు. పైన ఎవరో మనిషి ఉన్నడు, దొంగ ఉన్నడు, ప్రసన్నను నెట్టింది వాడే అనుకున్న. “ఎవరున్నరు పైన?” అని ఫర్హీన్ అరిచింది. గోదాము గోడల మధ్య ఆ అరుపు మాకే తిరిగొచ్చింది. నేను నాలుగు మెట్లు ఎక్కి టార్చి పైకి పట్టిన. తలుపుకు బయటనుంచి తాళం వేలాడుతున్నది.

గోనెసంచుల దుకాణం శంకరన్న పరిగెత్తుకొచ్చిండు. వయసు మళ్లిన మనిషి. “అయ్యో, మన మరియమ్మ బిడ్డ!” అని ఆయనే ఆటోను పిలిచిండు. ముగ్గురం కలిసి ఎత్తినం. ఆటోలో ప్రసన్న తల నా ఒడిలో పెట్టుకొని, పక్కకు తిప్పి పట్టుకున్న. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది. డాక్టర్ తర్వాత చెప్పిండు, వెల్లకిలా అట్లనే పడి ఉంటే ఆ వాంతి గొంతుకు అడ్డం పడేదని. తలలో వాపు కూడా ఉంది. పది దాకా ఆగి ఉంటే చెప్పలేమన్నడు.

నేను ఇంటికి పోయేసరికి పదకొండు దాటింది. నా చున్నీ నిండా రక్తం. మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నడు.

“నీ బిడ్డను ఇంట్ల పడేసి, ఊరందరి బిడ్డలను దింపుకుంట తిరుగుతున్నవా?”

అత్తమ్మ నా చున్నీ చూసి, ఆయనను పక్కకు జరిపి, “ముందు చేతులు కడుక్కో. పాపకు జ్వరం దిగింది, పాలు తాగింది,” అన్నది. పంపు దగ్గర కూర్చొని అప్పుడు ఏడ్చిన.

శంకరన్న ఆ రాత్రే ఇంకో నలుగురిని తీసుకొని, మరియమ్మ సమక్షంలో ఆ తాళం తీయించిండు. లోపల ఎవరూ లేరు. కిటికీకి ఇనుప చువ్వలు. ఇంకో దారి లేదు. ముందు గదిలో ఉన్నది ఆ ఒక్క ట్యూబ్‌లైటే, స్విచ్ వేస్తే ఎప్పటిలాగే కొట్టుకొని కొట్టుకొని వెలిగిందట. వస్తువులు ఏవీ కదలలేదు.

నేను శంకరన్నను అడిగిన. ఏడు నలభై ఎనిమిదికి ఆ కిటికీలో వెలుతురు చూసిన్రా అని. “నేను దానికి ఎదురుంగనే కూసున్న బిడ్డా. నాకైతే ఏ లైటూ కనపడలే,” అన్నడు. అయితే ఆ టైముకు ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నడట. కాబట్టి ఆ మాటను కూడా నేను సాక్ష్యంగా పెట్టుకోలేను.

అన్ని రకాలుగా ఆలోచించిన. మా బండ్ల వెలుతురు కిటికీ అద్దం మీద పడి మెరిసిందా? నేను ఇంజన్ ఆపిన, లైటు ఆరిపోయింది. ఫర్హీన్ బండి గల్లీ మొదట్లో ఉంది, దాని వెలుతురు అంత ఎత్తుకు పోదు. ఎదురింటి టీవీ వెలుగా? ఎదురుగా శంకరన్న దుకాణం, దాని మీద రేకులు, అంతే. నాకు ఇంటికి పోవాలని ఉంది కాబట్టి లేని వెలుగు చూసిన్నా? ఇది నేను చాలా రోజులు నమ్మిన. నమ్మితే తప్పు నాది అవుతుంది, కానీ కథ అయిపోతుంది. మరి ఫర్హీన్‌కు ఇంట్లో జ్వరం ఉన్న బిడ్డ లేదు. ఆమెకు తొందర లేదు. ఆ వెలుగు ఎట్లుందో మేమిద్దరం మాట్లాడుకోకముందే, మరుసటి రోజు చెరో కాగితం మీద చూసింది రాసుకొని మార్చుకున్నం. ఈ ఆలోచన నాదే, ల్యాబ్ అలవాటు. రెండు కాగితాల్లోనూ ఒకటే ఉంది. పసుపు వెలుగు. రెండుసార్లు, ఆగి ఇంకోసారి.

ఎవరైనా ఆకతాయి చేసిండనుకుందాం. తాళం వేసిన గదిలోకి ఎట్ల పోయిండు అన్నది పక్కన పెడదాం. ఆ నిషాని ప్రసన్నకు, నాకు, ఫర్హీన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లమ్మకు కూడా ప్రసన్న చెప్పలేదు.

ఆ కాగితాలు చూసుకున్న రోజు ఫర్హీన్ ఒక మాట అన్నది. క్యాంటీన్‌లో, పట్టపగలు, చుట్టూ లొల్లి లొల్లిగా ఉంది.

“మనం గన్ని వారాలు కిందినుంచి ఆ కిటికీనే చూసుకుంట నిలబడ్డం గదా అక్కా. పైనుంచి కూడా ఎవరో మనల్ని చూసుకుంట నిలబడ్డరు. చూసి చూసి నేర్చుకున్నరు.”

“నోర్ముయ్యి,” అన్న.

చాలామంది ఇట్లాంటి అనుభవాలు చెప్పేటప్పుడు, ఏదో శక్తి వచ్చి కాపాడింది అంటరు. ఆ మాట అనగలిగితే నాకు ఎంతో బాగుండేది. కానీ ఆ వెలుగు ప్రసన్నను కాపాడలేదు. ఆమె పిడికిట్లో తాళంచెవితో మెట్ల మీద పడి ఉంటే, ఆమె ఇల్లు చేరిందని అది మాకు చెప్పింది. ఇక పొమ్మని చెప్పింది. అది వెలగకపోయి ఉంటే మేము అయిదు నిమిషాలు చూసి, పదో నిమిషానికి మెట్లెక్కేవాళ్లం.

మూడో రోజు ఆసుపత్రి వరండాలో మరియమ్మకు ఒక్కదానికే ఇదంతా చెప్పిన. ఆమె చాయ్ తాగుకుంట విన్నది. కలగన్నవా అని అడగలేదు. ఏ కిటికీ అని అడగలేదు. అంతా విన్నంక ఒకటే అన్నది.

“దానికి చెప్పకు బిడ్డా.”

“ఎందుకమ్మా?”

“నేనొచ్చేదాకా అది ఒక్కతే ఉంటది ఆ ఇంట్ల. చెప్తే ఉంటదా? గింత కిరాయికి ఇంకో ఇల్లు నేను యాడికెళ్లి తేవాలె?”

“మీకు ఎప్పుడన్నా ఏమన్నా కనిపించిందా?”

ఆమె కప్పు నలిపి డబ్బాలో వేసింది. “డ్యూటీ టైమైతున్నది,” అని లేచిపోయింది. ఆమె ఆశ్చర్యపోయి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

ప్రసన్న వారానికి కోలుకుంది. జుట్టు కొంత తీసేసిన్రు, కుట్లు పడ్డయి. చూడటానికి పోతే నా చెయ్యి పట్టుకొని వదల్లేదు.

“మీకెట్ల తెలిసింది అక్కా నేను పడ్డట్టు?”

“నిషాని రాలేదు గదా. చూసి చూసి ఎక్కినం,” అన్న.

“మరి మీరు ఒకసారి పోయి మళ్లీ వచ్చిన్రంట గదా? శంకరన్న చెప్పిండు, రెండుసార్లు బండి చప్పుడు విన్నడంట.”

నేను పాప గురించి ఏదో చెప్పి మాట మార్చిన. అప్పుడు ఆమె నా చెయ్యి వదిలేసింది.

తోడులో ఇప్పుడు నిషానీలు లేవు. ఇద్దరం మెట్లెక్కి, తలుపు తీసి, లోపల లైటు వేసి, మనిషి గొళ్లెం పెట్టుకున్న చప్పుడు విన్నాకే దిగుతం. ఫర్హీన్ చదువు అయిపోయి వెళ్లిపోయింది. నేను ఇంకా మంగళవారాలు పోతున్న. మా ఆయన మొదట వద్దన్నడు. ఇప్పుడు నేను వచ్చేదాకా పాపను ఎత్తుకొని గేటు దగ్గర నిలబడతడు. ప్రసన్నను దింపినప్పుడు ఆ గదిలో నిలబడి చూస్త. మంచం, పుస్తకాలు, గోడకు ఒక క్యాలెండరు. ఏమీ లేదు. నాకు ఏమీ అనిపించదు కూడా. చల్లగా అనిపించింది, వెంట్రుకలు లేచినయి అని రాస్తే అబద్ధమవుతుంది. అది మామూలు గది. మేము గొళ్లెం చప్పుడు విని, లోపల ఆమె ఒక్కతే అనుకొని దిగుతం.

మరియమ్మ చెప్పొద్దన్నది, ఇన్ని నెలలు ఆ మాట దాటలేదు. ఆమె కష్టం నాకు తెలియక కాదు. కానీ నాకూ బిడ్డ ఉంది. రేపు ఇది పెరిగి ఏ ఇంట్లోనో ఒక్కతే ఉంటే, ఆ ఇంటి గురించి ఎవరికో ఒక సంగతి తెలిసి దాచిపెడితే, నేను వాళ్లను క్షమిస్తనా? ఈ ప్రశ్న వేసుకునే ప్రతి రాత్రీ నాకు నిద్ర పట్టదు. నోటితో చెప్పలేక రాస్తున్న. పేరు మార్చినా, చదివితే నీకు తెలుస్తది ప్రసన్నా.

ఆ రోజు నేను నీతో అబద్ధం చెప్పిన. నిషాని వచ్చింది. నువ్వు మెట్ల మీద పడి ఉన్నప్పుడే మీ కిటికీలోనుంచి వచ్చింది, నువ్వు పెట్టుకున్నది పెట్టుకున్నట్టే. అది చూసే నిన్ను వదిలేసి పోయినం. మీ అమ్మ వచ్చేదాకా ఆ ఇంట్ల ఉండకు. కాలేజీ నుంచి సీదా మా ఇంటికి రా. అత్తమ్మతో మాట్లాడిన, మా ఆయనతో మాట్లాడిన. పదింటికి మీ అమ్మ దిగే బస్టాపు దాకా మేమే దింపుతం. ఎందుకని నన్ను గట్టిగా అడగకు. ఆ వెలుగు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నీది కాదని ఒక్కటే తెలుసు.